నాలుగో నంబరు, ఐదో నంబరు

పోయిన జూన్‌లో మా తమ్ముడి ఇంట్లో పది రోజులపాటు రాత్రి భోజనాలు పదకొండు దాటాకే అయ్యాయి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో మా మేనకోడలు పెట్టుకున్న ఆప్షన్ల జాబితా అందుకు కారణం. పైన మూడింటి మీద ఎవరికీ పేచీ లేదు. అవి ఆశకొద్దీ పెట్టినవి, ఆ ర్యాంకుకు రావని అందరికీ తెలుసు. ఆరో నంబరు నుంచి కిందివాటి మీదా పేచీ లేదు, అంతదాకా దిగదని ధీమా. గొడవంతా నాలుగుకూ ఐదుకూ మధ్య. ఒకటి వరంగల్ ఎన్‌ఐటీలో ఎలక్ట్రానిక్స్, ఇంకొకటి ఐఐటీ హైదరాబాద్‌లో కెమికల్. పొద్దున తమ్ముడు ఎన్‌ఐటీని పైకి జరిపి మార్కెట్‌కు పోయేవాడు. మధ్యాహ్నం నేను ఫోన్ చేశాక ఐఐటీ పైకెక్కేది. రాత్రి వాళ్ళ మేనమామ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో "ఏంది బిడ్డా, ఇంకా లాక్ చేయలేదా" అని మొదలుపెట్టేవాడు. పిల్ల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎవరేమంటే అది చేసేది. ఆ పది రోజుల్లో ఆమె తనకేం కావాలో ఒక్క మాట అనలేదన్నది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఏటా ఆ నెలలో ఇదే ప్రశ్న నా దగ్గరికి వస్తుంది: "మేడం, ఏది ముందు పెట్టాలె?" రెండు మంచి చోట్ల మధ్య ఎంచుకునే అదృష్టం మా పిల్లల్లో ఏ ఇద్దరికో ముగ్గురికో దక్కుతుంది. అందుకని నేనూ సంబరంగా ప్లేస్‌మెంట్లు, ర్యాంకింగులు, బ్రాంచీలు అన్నీ విప్పి చెప్పేదాన్ని. ఇప్పుడు నాకు ఆ జవాబు మీద నమ్మకం పోయింది. రెండూ గట్టివే అయినప్పుడు పైకి చెప్పుకునే కారణాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చివరికి పని జరిపించేది ఎవరూ నోరు తెరిచి చెప్పని కారణం. దాన్ని బయటికి లాగకుండా ఎన్ని ఎక్సెల్ షీట్లు వేసినా దండగే.

ముందు పద్ధతి సంగతి చెప్పాలి, చదువుకున్న తల్లిదండ్రులే ఇక్కడ పొరపడుతున్నారు కాబట్టి. ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ 2015 నుంచి కౌన్సెలింగ్ ఒకటే, జాబితా ఒకటే. "రెండు చోట్లా సీటు వచ్చింది, ఏది తీసుకుందాం" అని తీరిగ్గా కూర్చుని ఆలోచించే వీలు ఉండదు. మనిషికి ఒకసారి ఒక్క సీటే. జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకు అందిన మొదటి సీటు ఇచ్చేస్తారు. అంటే నాలుగో నంబరులో ఏది రాశామో అక్కడే ఎంపిక అయిపోయినట్టు.

మా దగ్గర చాలామందికి ఒక భయం. "పెద్దది ముందు పెట్టినమనుకో, అది రాకపోతే రెండోది కూడా పోతది" అని. పోదు. ఈ కేటాయింపు పద్ధతికి మూలం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ కలిసి రాసిన పేపరు. షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. అందులో కిటుకు ఇది: మీరు ఐదో నంబరుగా పెట్టిన కాలేజీ మీ ర్యాంకునే చూస్తుంది, దాన్ని ఎన్నో నంబరులో పెట్టారన్నది చూడదు. పైది తప్పినంత మాత్రాన మీ వెనక ర్యాంకువాడు మీ కింది సీటు ఎత్తుకుపోలేడు. అందుకని 'వచ్చేది' ఏదో లెక్కగట్టి దాన్ని ముందు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మనసులో ఏది ముందో అదే ముందు రాసుకోవాలి. మనసులో ఏది ముందో తెలియకపోవడమే కదా అసలు తంటా.

సీటు వచ్చాక ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్ అని మూడు దారులు. ఫ్రీజ్ అంటే నాకిది చాలు. స్లైడ్ అంటే ఇదే సంస్థలో ఇంకా పైన రాసుకున్న బ్రాంచి దొరికితే ఇవ్వండి. ఫ్లోట్ అంటే జాబితాలో దీనికి పైన ఎక్కడ ఏది దొరికినా సరే. ఫ్లోట్ పెట్టాక తర్వాతి రౌండులో పైది వచ్చిందంటే చేతిలో ఉన్నది దానంతటదే పోతుంది, మళ్ళీ మనల్ని అడగరు. కొన్నేళ్ళ కింద నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి ఇదే అయింది. మొదటి రౌండులో ఎన్‌ఐటీ సివిల్ వచ్చింది. వాడికి కావలసిందీ అదే. కానీ ఎవరో చెప్పారని దూర రాష్ట్రంలోని ఒక పేరున్న సంస్థలో, ఏం చదివిస్తారో కూడా సరిగ్గా తెలియని బ్రాంచిని దానికి పైన రాసి ఉన్నాడు. నలుగురూ ఫ్లోట్ పెడుతున్నారని తనూ పెట్టాడు. మూడో రౌండులో అది వచ్చి కూర్చుంది. ఫోన్ చేసి "మేడం, మంచి కాలేజే వచ్చింది గానీ ఏడుపొస్తాంది" అన్నాడు. ఆ జాబితా నేను చూసి బాగుందన్నదే. "అది పైన ఎందుకు రాసినవ్ రా" అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

ఇక మా ఇంట్లో పైకి వచ్చిన కారణాలు.

మేనమామ పట్టు పేరు మీద. "ఐఐటీ అంటే ఐఐటీయే బావా, ఎక్కడికి పోయినా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు." నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. తమ్ముడి జవాబు: "ఆర్‌ఈసీ ఏం తక్కువ?" వరంగల్‌లో నలభై దాటినవాళ్ళకు అది ఇప్పటికీ ఆర్‌ఈసీయే. 2002లో ఎన్‌ఐటీ అయిందంటే సరే సరే అని తలూపి, మళ్ళీ ఆర్‌ఈసీ గేటు దగ్గర దింపనా అంటారు ఆటోవాళ్ళు. 1959 అక్టోబరులో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన కాలేజీ, దేశంలో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలన్నిటికీ పెద్దక్క. ఐఐటీ హైదరాబాద్ 2008లో పుట్టింది. మొదట్లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో నడిచి, తర్వాత కందికి మారింది. చరిత్ర చూస్తే తమ్ముడు నెగ్గుతాడు, పేరు చూస్తే మేనమామ. అక్కడికి సరి.

ర్యాంకింగులు తీద్దామన్నారు. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగు మార్కుల్లో నూటికి 30 పరిశోధనకూ వృత్తిపరమైన పనికీ పోతాయి. అది ముఖ్యంగా ప్రొఫెసర్ల పేపర్లు, పేటెంట్లు, ప్రాజెక్టుల లెక్క. ఇంకో 10 కాలేజీకి ఉన్న పేరుకు. పదిహేడేళ్ళ పిల్ల మొదటి సంవత్సరం మ్యాథ్స్ క్లాసులో కూర్చున్నప్పుడు ఆమెకు ఎవరు ఎంత బాగా చెప్తారన్నది అందులో ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండు సంస్థలూ దేశంలో మంచివాటి సరసన ఉన్నాయని తెలుసుకోవడానికి ఆ పట్టిక చాలు. వాటిలో వాటికి పోటీ పెట్టడానికి పనికిరాదు.

ప్యాకేజీల మాట వస్తే మా వీధిలో అందరూ నిపుణులే. నేను పిల్లలకు చెప్పేది ఒక్కటే: సగటు అడగకండి, మధ్యలో నిలబడ్డవాడికి ఎంత వచ్చిందో అడగండి. పది మందిలో తొమ్మిది మందికి పదేసి లక్షలు, ఒకడికి కోటి వస్తే సగటు పందొమ్మిది లక్షలు. ఆ పందొమ్మిది లక్షలు తీసుకున్నవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. అడిగేది బ్రాంచివారీగా అడగాలి. ఎంతమంది పేరు నమోదు చేసుకుంటే ఎంతమందికి వచ్చిందో కూడా అడగాలి. ఇదంతా అడిగి తెలుసుకున్నాం. రెండు చోట్లా మా ఇంట్లో ఎవరూ కనీవినీ ఎరగని జీతాలే, అక్కడా తేల్చుకోలేకపోయాం.

డబ్బు విషయం మాత్రం లెక్క వేస్తే తేలింది. ట్యూషన్ ఫీజు ఐఐటీలో సెమిస్టర్‌కు లక్ష, ఎన్‌ఐటీలో 62,500. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే రెండు చోట్లా మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల దాకా అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మాఫీ. మా తమ్ముడు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తా. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీస్తే రెండో గడిలో పడ్డాడు. అంటే అక్కడ 33 వేల చిల్లర, ఇక్కడ 21 వేల లోపు. సెమిస్టర్‌కు తేడా 12,500, ఎనిమిది సెమిస్టర్లకు లక్ష. మాఫీ లేని ఇంట్లో అదే మూడు లక్షలవుతుంది. లక్ష రూపాయలు తమ్ముడికి చిన్న మొత్తం కాదు, అలాగని బిడ్డ చదువును అటో ఇటో తిప్పేటంతా కాదు. వాడే అన్నాడు ఆ మాట.

మధ్యలో ఒక బంధువు "ఆడపిల్లల కోటాలనే గదా" అని ఒక రాయి వేసి పోయాడు. 2018 నుంచి ఇస్తున్న ఆ సీట్లు ఉన్నవాటికి అదనంగా కలిపినవి, మగపిల్లల సీట్లు కోసి ఇచ్చినవి కావు. ఈ మాట ఆయనకు చెప్పాను. విన్నాడో లేదో తెలియదు, టీ మాత్రం తాగి పోయాడు.

చదువు సంగతి తేల్చుకుందామని పిల్లా నేనూ రెండు చోట్లకూ పోయాం. కందికి పొద్దున్నే హన్మకొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇద్దరం ఆధార్ చూపించి జీరో టికెట్లు తీసుకుని ఉప్పల్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేటలో మారి మియాపూర్, అక్కణ్ణుంచి సంగారెడ్డి బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఈ బస్సులు ఉచితం కాబట్టి, మెట్రో తప్ప పైసా ఖర్చు కాలేదు. నా పాత విద్యార్థి ఒకడు అక్కడ ఎంటెక్ చేస్తున్నాడు, వాడే తిప్పి చూపించాడు. ఎన్‌ఐటీలో చూపించడానికైతే మనుషులకు కొదవే లేదు. రెండు చోట్లా నేను సీనియర్లను ఒకే ప్రశ్న అడిగాను: "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేసినవ్?" ప్లేస్‌మెంట్ల గురించి అడిగితే అందరూ బట్టీ పట్టిన పాఠం అప్పజెప్తారు, నిన్నటి గురించి అడిగితే ఆలోచించుకుని చెప్తారు. కంది పిల్ల చెప్పింది: టిఫిన్ మానేసి క్లాసు, ల్యాబు, మెస్, నిద్ర, అసైన్‌మెంటు, రాత్రి రెండు. కాజీపేటలోని ఎన్‌ఐటీ పిల్ల చెప్పింది: టిఫిన్ మానేసి క్లాసు, ల్యాబు, మెస్, నిద్ర, అసైన్‌మెంటు, రాత్రి రెండున్నర. కందిలో కోర్సులను చిన్న చిన్న క్రెడిట్ల ముక్కలుగా పెట్టే 'ఫ్రాక్టల్' పద్ధతి ఉందని ఆ పిల్ల ఉత్సాహంగా వివరించింది. ఎన్‌ఐటీ పిల్ల వాళ్ళ కాలేజీ ఉత్సవం స్ప్రింగ్‌స్ప్రీ కోసం స్పాన్సర్ల చుట్టూ తిరిగిన కథ చెప్పింది. ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం కోటా కాబట్టి మన మాట చెవిన పడుతూ ఉంటుంది. ఐఐటీలో ఆ కోటా లేదు, దేశమంతా ఒకే గంపలో. ఇదొక్కటి నిజంగా తేడా.

అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన అచ్చు వేశారు. బాగా పేరున్న కాలేజీలో సీటు వచ్చినా అంత పేరులేని చోట చేరిన పిల్లలనూ, అలాంటి మార్కులతోనే పేరున్న చోట చేరినవాళ్ళనూ పోల్చి చూశారు. తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పేదింటి పిల్లలకు మాత్రం పేరున్న చోట చేరడం కలిసొచ్చింది. ఆ పరిశోధన చదివి నేను చాలామందికి "ఎక్కడైనా ఒకటే" అని చెప్పేదాన్ని, పేదింటి మాట వదిలేసి. గుమాస్తా బిడ్డకు ఆ మినహాయింపే ముఖ్యం. ఊళ్ళో ఏదో ఒక కాలేజీకీ ఐఐటీకీ మధ్య అయితే నేను ఇంత రాసేదాన్నే కాదు, పెట్టె సర్దించి పంపేదాన్ని. ఇక్కడ రెండూ పేరున్నవే కావడంతో ఆ పరిశోధన కూడా చేతులెత్తేసింది.

ఇంత చర్చ జరుగుతుంటే నాకు మా బాపు గొంతు వినపడుతూనే ఉంది. 1995లో నాకు బీఎస్సీకి కోఠి ఉమెన్స్ కాలేజీలోనూ, ఇక్కడ సుబేదారి ఆర్ట్స్ కాలేజీలోనూ సీటు వచ్చింది. నా మనసంతా కోఠి మీదే. రెసిడెన్సీ భవనం మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నట్టు కలలు. బాపు శాంతంగా చెప్పాడు: "రెండూ యూనివర్సిటీ కాలేజీలే గద బిడ్డా. సుబేదారిది ఏం తక్కువ? లెక్చరర్లు మంచోళ్ళు." ఒక్క మాట అబద్ధం లేదు. నాకు బాగా చెప్పిన లెక్చరర్లు సుబేదారిలోనే దొరికారు. కానీ అది కారణం కాదు. అప్పటికి మా నానమ్మకు పక్షవాతం వచ్చి ఆరు నెలలు. అమ్మకు ఇంకో రెండు చేతులు కావాలి. ఈ సంగతి నాకు పదహారేళ్ళ తర్వాత, బాపు పోయాక, అమ్మ ఏదో మాటల్లో అంటే తెలిసింది. అప్పుడే చెప్పి ఉంటే బహుశా నేను ఉండిపోయేదాన్నే. చెప్పలేదు కాబట్టి, నాకు కోఠికి పోయే సత్తా లేదనుకున్నారేమోనని చాలా ఏళ్ళు లోపల నలిగాను. మంచి కాలేజీయే ఇచ్చారు, తప్పుడు కారణం చెప్పి ఇచ్చారు.

జాబితా లాక్ చేయడానికి రెండు రోజులుందనగా, ఒక పొద్దున ఆరున్నరకు తమ్ముడి ఇంటికి పోయాను. మరదలు పొయ్యి దగ్గర ఉంది. పిల్ల ఫ్రిజ్ తలుపులోంచి ఇన్సులిన్ సీసా తీసి రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తున్నది. ఎర్ర మూత సిరంజిలో మందు ఎక్కించి, వెలుతురుకు పట్టి, వేలితో రెండుసార్లు కొట్టి బుడగ పోగొట్టింది. మా అమ్మ కొంగు పక్కకు జరిపి పొట్ట చూపించింది. పిల్ల కాస్త చర్మం పట్టుకుని గుచ్చి, పది దాకా లెక్కపెట్టి తీసింది. మూడేళ్ళుగా ఆ పని ఆమెదే, నేను కనీసం వందసార్లు చూసి ఉంటాను. ఆ పొద్దున ఎందుకో నోట్లోంచి వచ్చేసింది: "నువ్వు పోతే ఇది ఎవరు చేస్తరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తమ్ముడు పేపర్ మడిచి కింద పెట్టాడు. "నా చేయి వణుకుతది అక్కా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ వాడే, "ఆర్‌ఈసీ అయితే ఆటోల ముప్పావు గంట గదా" అన్నాడు.

పది రోజుల ప్లేస్‌మెంట్ల చర్చకు మూలం అదన్నమాట. బాపు కొడుకు కదా.

పిల్ల సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి వచ్చి కూర్చుంది. "నాకు ఎలక్ట్రానిక్సే ఇష్టం అత్తమ్మా," అంది. "కాని ఆర్‌ఈసీల చేరితే హాస్టల్ల ఉన్నా ఇంట్ల ఉన్నట్టే. జ్వరమొస్తే పిలుస్తరు, పండుగకు పిలుస్తరు, ఇంజెక్షన్‌కు పిలుస్తరు. పిలవకపోయినా నేనే వస్త. కంది అయితే రమ్మన్నా రాలేను గద." అంటే ఇష్టమైన బ్రాంచి వదులుకుని, మేము అందుకోలేని దూరాన్ని కొనుక్కుందామనుకుంది ఆ పిల్ల. రెండు రోజులు ఆగితే మేమంతా కలిసి ఆ బేరం కుదిర్చేవాళ్ళం, ఎవరి గర్వం వాళ్ళది.

నా కారణం కూడా అప్పుడే చెప్పాల్సి వచ్చింది. నేను ఐఐటీ ఐఐటీ అని పట్టుబట్టింది కెమికల్ ఇంజనీరింగ్ మీద ప్రేమతో కాదు. 1995లో నేను ఎక్కలేకపోయిన బస్సు ఆమెను ఎక్కించాలని. మరదలు మాత్రం "మీరందరు ఒక్కసారి గూడ నన్ను అడగలే, ఇంజెక్షన్ నేను నేర్చుకోనా" అంది. నిజమే, అడగలేదు. కానీ పొద్దున్నే నీళ్ళు, వంట, డబ్బాలు అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. అందుకని ఈ పని తమ్ముడికే పడింది. సాయంత్రం బత్తాయి పండు తెచ్చి, ఉత్త నీళ్ళు ఎక్కించిన సిరంజితో నేర్పించింది పిల్ల. నాలుగు బత్తాయిలు అయ్యాయి. మరునాడు పొద్దున వాడు వాళ్ళమ్మ పొట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుచ్చి, పదికి బదులు ఇరవై దాకా లెక్కపెట్టాడు.

దాంతోపాటు ఇంకో ఒప్పందం కూడా అయింది. ఎన్‌ఐటీలో చేరితే అది కంది అంత దూరంలో ఉన్నట్టే లెక్క. సెమిస్టర్ మధ్యలో పిలవకూడదు. ఈ మాట తమ్ముడితో నేనే చెప్పించాను, పిల్ల ముందే. అప్పుడామె లాప్‌టాప్ తెరిచి ఎన్‌ఐటీ ఎలక్ట్రానిక్స్‌ను నాలుగో నంబరుకు జరిపింది. ఆ పది రోజుల్లో ఎవరూ చెప్పకుండా ఆమె మౌస్ ముట్టుకోవడం అదే మొదటిసారి. మేనమామకు ఫోన్‌లో చెప్తే ఇప్పటికీ ఒప్పుకోడు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా ఒప్పుకోలేదు. వేరే ఊరు, వేరే భాషల మధ్య నాలుగేళ్ళు ఉండడంలో సిలబస్‌లో దొరకనిది ఒకటి ఉంటుందని నా నమ్మకం. కానీ అది నా నమ్మకం, ఆ జాబితా ఆమెది.

మొదటి రౌండులోనే నాలుగో నంబరు వచ్చింది. ఫ్రీజ్ పెట్టింది.

హాస్టల్‌లో చేరాక వచ్చిన మొదటి ఆదివారం నేను తమ్ముడి ఇంట్లోనే ఉన్నాను. పిల్ల రాలేదు. ఎవరమూ ఫోన్ చేయలేదు, చేయకుండా ఉండడానికి తమ్ముడు తన ఫోన్ తీసుకుపోయి టీవీ మీద పెట్టాడు. ఆరున్నరకు వాడు ఫ్రిజ్ తెరిచి సీసా తీసి అరచేతుల మధ్య దొర్లిస్తుంటే, అమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసి, "ఇయ్యాల గూడ నువ్వేనా" అని కొంగు పక్కకు జరిపింది.